గృహనిర్వహణము: రంగుపలకల యతుకులు



క్రిందటి మాసమున ఇత్తడిపాత్రలను గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున మన యిండ్లలో క్రొత్తగా ప్రవేశించిన యొక వస్తువును గూర్చి ముచ్చటింప దలచితిమి. గోడబీరువాలకును, గదుల నడుమ నడ్డములకును ఇప్పుడు టేకుపలకలకు మాఱుగా ఎం.డి.ఎఫ్. అను పీచుపలకలను విరివిగా వాడుచున్నారు. రెండు పలకలను ప్రక్కప్రక్కన చేర్చి, నడుమ లప్పము పెట్టి, పైని ఒకే రంగు పూసినచో గోడయంతయు నొకే పలకవలె నుండునని మన కోరిక. కొన్ని నెలలు గడచునప్పటికి ఆ రంగు క్రిందినుండి అతుకు నిలువుగీతయై బయటపడును. అంతట మనము చేయు మొదటి పని వడ్రంగిని నిందించుట. మేమును అట్లే చేసితిమి. అది యెంత పొరపాటో తెలిసికొనుటకు మాకు రెండేండ్లు పట్టెను. ఆ రెండేండ్లలో నేర్చినదియే యీ మాసము మీ ముందుంచుచున్నాము.

మా ముందుగదిలో గోడపొడవున నిట్టి బీరువా యొకదానిని 2022వ సంవత్సరము శ్రావణమాసమున, గృహప్రవేశమునకు ముందు, పెట్టించితిమి. పలకలు బండి దిగిననాడు వాన కురియుచునే యున్నది. పనిచేయ వచ్చిన ఆచారిగారు అఱువదేండ్లు దాటిన వృద్ధులు. పలకపై అరచేయి యానించి చూచి, "అమ్మగారూ, ఇది గాలిలో తేమ పీల్చుకుంటుందండి. పదిరోజులు ఈ గదిలోనే నిలబెట్టి ఉంచండి. అతుకు మీద సన్నని బీడింగు వేసుకుందాం" అనిరి. మాకు ముహూర్తమే ప్రధానముగా తోచెను. బీడింగు వలదు, అతుకున్నట్లే తెలియరాదు అని పట్టుబట్టితిమి. మూడవనాటికి పలకలు గోడ కెక్కెను. ఆఱవనాటికి రంగును పడెను. గృహప్రవేశమునకు వచ్చిన చుట్టములందఱు చేతితో తడిమి మెచ్చుకొనిరి.

మఱుసటి యేడు వైశాఖమున పడమటిగాలి మొదలిడగానే, రెండు పలకల నడుమ వెండ్రుకవంటి గీత యొకటి కనబడెను. జ్యేష్ఠమాసము నడుమకు వచ్చుసరికి దానిలో గోరు దూరుచుండెను. ఆచారిగారి కూలిలో కడపటి విడుత 6,000 రూపాయలు మేము ఇంకను చెల్లింపలేదు. ఆయన యడుగ వచ్చిననాడు గీతను చూపి, "ఈ పనికి డబ్బు ఎట్లు ఇత్తుము?" అంటిమి. ఆయన మాఱుమాట పలుకక, గీతపై వ్రేలితో మీదినుండి క్రిందివఱకు రాచి చూచి, "తమ చిత్తమండి" అని వెడలిపోయిరి.

పిమ్మట రంగుపనివాని నొకనిని పిలిపించితిమి. అతడు గోడలకు వాడు సిమెంటు పుట్టీని నీటితో కలిపి గీతనిండ కూరి, ఆ మేర మాత్రము రంగు వేసి వెళ్లెను. వానలు రాగానే అచట గట్టువంటి యెత్తు లేచెను. 2024వ సంవత్సరము వేసవిలో ఆ గట్టు పగిలి, పెచ్చులుగా రాలి, గీత మునుపటికంటె వికారముగా కనబడెను. క్రొత్తరంగు పాతరంగుతో కలియక, గీత చుట్టు నొక మచ్చయు మిగిలెను.

అప్పుడు మావారికి ఒక యాలోచన తోచెను. గీతకు రెండు ప్రక్కల రెండు పెన్సిలు చుక్కలు పెట్టి, వాని నడుమ దూరమును నెలకొకమాఱు కొలిచి పంచాంగపు టట్టపై వ్రాయజొచ్చిరి. జ్యేష్ఠమున విడివడిన సందు ఆషాఢమున సన్నగిల్లెను. భాద్రపదము నాటికి పూర్తిగా మూసికొనెను. రెండు చుక్కల నడుమ దూరము ఎండకును వానకును ఒకటిన్నర మిల్లీమీటరు మాఱినది. చేతిపని చెడినయెడల సందు ఒక్కతీరున నిలిచి యుండవలెను గాని, ఋతువు ననుసరించి తెఱచుకొని మూసికొనదు. పలకలు కదలుచున్నవి. వానపూట తేమ పీల్చిన పలకలను ఆఱనీయక గోడ కెక్కించినది మేము. కదలికకు చోటుంచు బీడింగును వలదన్నది మేము. అట్టచూచిన దినమున ఆ వృద్ధుని "తమ చిత్తమండి" అను మాట చెవిలో మఱల వినబడెను.

ఈ కదలిక యెట్టిదో తెలియవలెనన్న పలక యెట్లు చేయబడునో కొంచెము తెలియవలెను. కలపను చిన్నముక్కలుగా కొట్టి, ఆవిరితో మెత్తబఱచి, దూదివలె పీచుగా విడదీసి, దానికి యూరియా ఫార్మాల్డిహైడు అను జిగురును కలిపి, వేడియు నొత్తిడియు పెట్టి పలకగా చేయుదురు. 1960 దశకమున అమెరికాలో దీనిని చేయ నారంభించిరి. మన దేశమున దీనికి ఐ.ఎస్. 12406 అను ప్రమాణము కలదు. మన రాష్ట్రముననే శ్రీకాళహస్తి ప్రాంతమున 2018లో ఇట్టి పలకల కర్మాగార మొకటి పని యారంభించినది. సాధారణముగా పలక 8 అడుగుల పొడవును 4 అడుగుల వెడల్పును గలిగియుండును; బీరువాలకు 18 మిల్లీమీటర్ల మందము గలది తఱచుగా వాడుదురు. కలపకున్నట్లు దీనికి ముడులును, నారతీరును లేవు. కావుననే రంగు దీనిపై నున్నగా పట్టును.

ఐనను కలపగుణమైన తేమ పీల్చుట దీనిని విడిచిపోలేదు. గాలిలో తేమ పెరిగినపుడు పలక పొడవున, వెడల్పున కొద్దిగా పెరుగును; మందమున నింకను ఎక్కువగా ఉబ్బును. తేమ తగ్గినపుడు కుదించుకొనును. 4 అడుగుల పలకలు రెండు ప్రక్కప్రక్కన నున్నపుడు ఆ కదలిక యంతయు నడుమనున్న యతుకు దగ్గఱకే వచ్చి చేరును. మఱియొక సంగతి. పలక రెండు ముఖములును గట్టిగా నొత్తబడి యుండును. నడిమిభాగము కొంచెము గుల్లగా నుండును. కోసిన యంచున ఆ గుల్లభాగము బయటపడి నీటిని, రంగును జుఱ్ఱుకొనును. అందుచేతనే ముఖముపై రెండు పూతలతో నిగనిగలాడు రంగు అంచుల వద్ద గరుకుగా, వెలవెలబోయి యుండును.

కాబట్టి అతుకు కనబడగానే లప్పపు డబ్బా తెఱవక, ముందుగా దాని తీరును పరీక్షింపవలెను. రాత్రివేళ గదిలో దీపములార్పి, చేతిదీపమును పలకకు ప్రక్కగా, ఏటవాలుగా పట్టి చూచినచో ఎత్తుపల్లములు నీడలుగా తెలియును. గీత పల్లముగా నున్నచో లోపలి లప్పము ఆఱి కుదించుకొనినదని యర్థము. గట్టువలె లేచియున్నచో అంచు నీరు పీల్చి యుబ్బినది. ఒక ప్రక్క యెత్తు, ఒక ప్రక్క పల్లము అయి, అరచేత నొక్కినపుడు పలక యాడుచున్నచో దాని వెనుక బద్ద లేదు, లేక స్క్రూ సడలినది. ఎండకు తెఱచుకొని వానకు మూసికొనునది కదలెడు అతుకు. కదలని యతుకును పూడ్చవచ్చును. కదలెడు అతుకును ఎవ్వరు పూడ్చినను అది నిలువదు. మేము నేర్చిన పాఠమంతయు ఈ రెండు మాటలలో నున్నది.

ఈ భేదము మాకు చెప్పినవారును ఆ ఆచారిగారే. మార్గశిరమాసమున 6,000 రూపాయలును తీసికొని మేమును మావారును ఆయన యింటికి వెళ్లితిమి. డబ్బు చేతికీయగా ఆయన వెంటనే పుచ్చుకొనలేదు.

"గీత పోయిందా అమ్మగారూ?" అని యడిగిరి.

"పోలేదండీ. తప్పు మాది. మీరు చెప్పిన మాట మేము వినలేదు."

ఆయన కొంతసేపు ఊరకుండి, డబ్బును కన్నుల కద్దుకొని లోపలికిచ్చి, "రేపు వస్తానండి, చూద్దాం" అనిరి. మఱునాడు సంచితో వచ్చి, ముందుగా మా బీరువా యతుకులన్నిటిని అరచేత నొక్కి చూచిరి. ప్రక్కభాగమున చిన్నపలకలు రెండు ఒకే నిలువుబద్దకు బిగింపబడి యుండెను. వాని యతుకున గీత యున్నను సందు మాఱుటలేదు. అది పాత లప్పము కుదించుకొనిన గీతయే. దానిని పూడ్చిరి. ముందుభాగమున పెద్దపలకల నడుమ యతుకును పూడ్వలేదు. రెండు పనులును మేము దగ్గఱనుండి చూచి, చేయందించి నేర్చితిమి గావున ఇచట వ్రాయుచున్నాము.

పూడ్చుటకు వానకాలము గాక పొడిగాలి గల దినములను ఎంచుకొనవలెను. పలక యేమాత్రము ఆడుచున్నను ముందుగా వెనుకబద్దకు జానెడు దూరమున కొకటి చొప్పున స్క్రూలతో బిగింపవలెను. అంచునకు అంగుళము లోపలగా, సన్నని రంధ్రము తొలిచిన పిమ్మటనే స్క్రూ ఎక్కింపవలెను. లేనిచో పలక పొరలుగా విచ్చును. తరువాత సడలిన పాత లప్పమునంతయు గీకివేసి, పదునైన కత్తితో గీతను మూడు మిల్లీమీటర్ల వెడల్పున, నాగటిచాలువలె పైన వెడల్పుగను క్రింద సన్నముగను తెఱవవలెను. సన్నని గీతపై లప్పము రాచినచో అది పైననే నిలుచును గాని లోనికి దిగదు. పొడిని మెత్తని కుంచెతో దులిపి, బయటపడిన పీచుకు నూనె ప్రైమరు పలుచగా పట్టించి పూర్తిగా ఆఱనీయవలెను. నీటి ప్రైమరు పీచును లేపును గనుక కోసిన యంచులకు అది తగదు.

అటుపిమ్మట లప్పము. గోడపుట్టీ చెక్కకు పనికిరాదు. అందలి నీరు అంచును ఉబ్బించును. ఆఱిన పిదప అది పెళుసై రాలిపోవును. కారులకు సొట్టలు పూడ్చువారు వాడెడు రెండుమందుల పుట్టీ మిక్కిలి శ్రేష్ఠము. అది ఆఱినపుడు కుదించుకొనదు. కలిపిన కొద్ది నిమిషములలోనే గట్టిపడును గావున ఒక్కమాఱు పిడికెడుకంటె ఎక్కువ కలుపరాదు. డబ్బాపై వ్రాసిన పాళ్లను తప్పరాదు. గీతలోనికి గట్టిగా నొత్తి, పైకి కొంచెము ఎత్తుగా విడిచి, గట్టిపడిన తరువాత 120 సంఖ్య గరుకుకాగితమును చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దవలెను. వట్టి వ్రేళ్లతో రుద్దినచో గీత వెంబడి కాలువవలె పల్లము పడును. దానిపై సన్నని లప్పపు పొరను అతుకున కిరువైపుల జానెడు మేర లాగి, 180, 220 సంఖ్యల కాగితములతో నునుపు చేయవలెను. మఱల దీపమును ప్రక్కగా పట్టి చూడవలెను. అంచు ఉబ్బియున్నచోట మొదట గట్టును చదునుచేసి, పీచు లేచినచో ప్రైమరుతో బిగించి, ఆఱిన పిదప మఱల రుద్దవలెను. ఉబ్బి పొరలుగా విచ్చిన పలక మాత్రము బాగుపడదు. ఆ ముక్కను కోసి క్రొత్తది వేయుటయే మేలు.

చివరకు ప్రైమరు, దానిపై రెండు పూతల రంగు. రంగును పూడ్చినచోట మాత్రమే పూసినచో మచ్చ తప్పదు. పలకను ఒక మూలనుండి మఱియొక మూలవఱకు పూర్తిగా పూయవలెను. మెఱుపురంగు చిన్న పల్లమునైనను చాటిచెప్పును. మెఱుపులేని రంగు కొంత కప్పిపుచ్చును. మా ప్రక్కపలకల యతుకు ఈ విధముగా దిద్దిన పిమ్మట ఒక వేసవియు ఒక వానకాలమును గడచినవి. గీత మఱల రాలేదు.

ఇక ముందుభాగపు పెద్దయతుకు. ఆచారిగారు దానిలోని పాత సిమెంటునంతయు గీకి తీసి, అంచులు రెండింటికి నూనె ప్రైమరు రెండు పూతలు పట్టించి, రెండు పలకల నడుమ రెండు మిల్లీమీటర్ల సందును అట్లే విడిచిరి. ఆ సందుపై అంగుళము వెడల్పు గల టేకు బీడింగును నిలిపి, మేకులను ఒక పలకకు మాత్రమే కొట్టిరి. రెండవ పలక బీడింగు క్రింద స్వేచ్ఛగా జరుగును. రెండింటికిని కొట్టినయెడల బీడింగే పగులును, లేదా మేకులు పెల్లగిలి వచ్చును. ఒక్క బీడింగే యున్నచో అతుకును దాచుటకు పెట్టినట్లుండునని, అతుకు లేనిచోటను సమదూరమున మఱి రెండింటిని నిలిపిరి. ఇప్పుడు చూచువారికి అది మొదటినుండియు అట్లే ఉద్దేశింపబడిన పనివలె నున్నది. మయసభలో నీటిని నేలయనియు, నేలను నీరనియు భ్రమించి పరాభవము పొందిన దుర్యోధనుని కథ మనమందఱము చదివినదియే. రెండు పలకలను ఒకటిగా భ్రమింపజేయవలెనని మేము పడిన పాట్లు తలచుకొన్నప్పుడు మాకు ఆ కథయే జ్ఞప్తికి వచ్చును.

ఒక హెచ్చరిక చేయక విరమింపరాదు. ఈ పలకలను రుద్దునపుడు లేచు పొడి మిక్కిలి సన్ననిది. కలప పొడిని 1995లోను, పలకజిగురులోని ఫార్మాల్డిహైడును 2004లోను ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ మనుష్యులకు క్యాన్సరు కలిగించువాని జాబితాలో చేర్చినది. అందుచేత రుద్దుడు పనిని తలుపులు, కిటికీలు తెఱచి చేయవలెను. పనివారికి ఎన్-95 రకపు ముఖపు గుడ్డను మన మియ్యవలెను. పసిపిల్లలను, గర్భిణులను, ఉబ్బసము గలవారిని ఆ ప్రక్కకు రానీయరాదు. పొడిని చీపురుతో ఊడ్చినచో గాలిలోనికి లేచును. తడిగుడ్డతో తుడిచి తీయవలెను. క్రొత్తపలకలు కొనునపుడు ఫార్మాల్డిహైడు తక్కువగా వెలువడు ఇ-1 లేక ఇ-0 అను గుఱుతు గలవానిని అడిగి తీసికొనుట మంచిది.

క్రొత్తగా పని చేయించు సోదరీమణులకు మా మనవి ఇది. పలకలు వచ్చిన పిమ్మట వారము పదిదినములు వానిని అమర్చు గదిలోనే ఉంచుడు. వానకాలమున తొందరపడకుడు. బయటిగోడకు ఆనునట్లు పెట్టక వెనుక కొంచెము సందు విడువుడు. నేల కడుగు నీరు తగులకుండ అడుగున పీఠము వేయింపుడు. పలక పెద్దదైనచోట అతుకును దాచక, బీడింగుతోనో చాలుతోనో దానిని చూపుటకే మొదట నిశ్చయించుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, చేతిపని వారు చెప్పిన మాటను ముహూర్తము కొఱకో ముచ్చట కొఱకో త్రోసివేయకుడు. అట్లు త్రోసివేసినయెడల దాని ఫలమును వారి కూలిలో కోయకుడు.

బీడింగులకు కూలి యెంతయని యడిగినపుడు ఆచారిగారు, "అది మొదటి పనిలోదేనండి" అనిరి. మేము బలవంతముగా ఇచ్చితిమి. మొన్నటి జ్యేష్ఠమున పడమటిగాలి వీచుచున్న నాడు ఆ దారినే పోవుచు లోనికి వచ్చి, బీడింగు ప్రక్కన వ్రేలితో మీదినుండి క్రిందివఱకు రాచి చూచిరి. ఈమాఱు మజ్జిగ త్రాగి కదలిరి.